దీపం దగ్గరికి వచ్చే అడవి మాత్‌ను గుర్తుపట్టడం: తెర కట్టడం నుంచి పేరు తేల్చేదాకా

మన దేశంలో పది వేలకు పైగా మాత్ జాతులున్నాయి. సీతాకోకచిలుకల జాతులు అందులో ఏడో వంతు కూడా ఉండవు. అయినా తూర్పు కనుమల్లో సీతాకోకచిలుకల గురించి ఉన్నంత సమాచారం ఈ రాత్రి రెక్కల పురుగుల గురించి లేదు. ఫొటోలు తీసేవాళ్లు తక్కువేమీ కాదు. కానీ ఎక్కువమంది తెచ్చేది ఒకే ఒక్క ఫొటో: పైనుంచి తీసింది, ఊదారంగు వెలుతురులో రంగు మారిపోయింది, వెనుక రెక్క కనిపించనిది, పురుగు ఎంత పెద్దదో తెలియనిది. దాన్ని చూసి ఎంత అనుభవం ఉన్నవారైనా కుటుంబం పేరు దగ్గరే ఆగిపోతారు. పేరు తేలాలంటే కావలసిన ఆధారాలన్నీ ఆ రాత్రి తెర దగ్గరే, అంటే దీపం వెనుక కట్టిన తెల్లగుడ్డ దగ్గరే, సేకరించుకోవాలి. తెల్లారాక ఆ అవకాశం ఉండదు.

ముందు అనుమతి, తర్వాత చోటు

ఆమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం, కవ్వాల్ లాంటి పులుల అభయారణ్యాల్లోకి, పాపికొండల్లాంటి జాతీయ ఉద్యానాల్లోకి అనుమతి లేకుండా రాత్రిపూట వెళ్లడం నేరం. అక్కడి నుంచి పురుగును పట్టుకుపోవడం కూడా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. అడవి లోపలికి వెళ్లాల్సిన అవసరమూ లేదు. అటవీ శాఖ అతిథి గృహం వసారా, మారేడుమిల్లి, అనంతగిరి వైపు బస చేసే కాటేజీల వెనుక ఖాళీ స్థలం, అడవికి ఆనుకున్న పొలం గట్టు, వీటిలో ఏదైనా సరిపోతుంది. యజమానికో, రేంజి అధికారికో ముందే చెప్పండి. అడవి అంచున రాత్రంతా వెలిగే దీపం ఎవరికైనా అనుమానం కలిగిస్తుంది.

చోటు ఎంచుకునేటప్పుడు మూడు విషయాలు చూడాలి. వీధిదీపం కానీ ఇంటి లైటు కానీ నేరుగా కనిపించకూడదు. గాలి తగలకూడదు. ఎదురుగా కనీసం కొద్దిమేరైనా చెట్లూ పొదలూ ఉండాలి. కొండవాలు మీద లోయకు ఎదురుగా తెర కడితే దూరం నుంచి కూడా వెలుతురు కనిపిస్తుంది.

మంచి రోజులు అమావాస్యకు అటూఇటూ ఐదేసి రోజులు. పున్నమి వెన్నెల్లో దీపం దగ్గరికి వచ్చేవి బాగా తగ్గిపోతాయి, అయితే మబ్బు కమ్మితే పున్నమి కూడా ఫరవాలేదు. జూన్‌లో తొలి వానలు పడిన దగ్గర్నుంచి నవంబరు దాకా కాలం అనుకూలం. ఉక్కపోత, కదలని గాలి, సన్న తుంపర ఉన్న రాత్రి అన్నిటికంటే మంచిది. చలికాలంలో అరకులోనో లంబసింగిలోనో తెర కడితే గంటల తరబడి ఖాళీ గుడ్డనే చూడాల్సి రావచ్చు.

ఏ దీపం

మాత్‌లు దీపాన్ని చంద్రుడనుకుని వస్తాయని చాలాకాలం చెప్పుకున్నారు. 2024లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం హైస్పీడ్ కెమెరాలతో వేరే సంగతి చూపించింది. ఎగిరే పురుగులు తమ వీపును ఎప్పుడూ వెలుతురు వైపు తిప్పి ఉంచుతాయి. ఆకాశం వెలుతురుగా ఉండే సహజ పరిస్థితిలో నిటారుగా ఎగరడానికి ఈ అలవాటు సాయపడుతుంది. దగ్గర్లో దీపం ఉంటే వీపు అటు తిప్పబోయి దాని చుట్టూనే తిరుగుతాయి, దీపం పైకి వెళ్తే తలకిందులై నేలకు రాలతాయి. తెర దగ్గర నిలబడేవారికి ఇందులో రెండు పాఠాలున్నాయి: నేలమీద కూడా గుడ్డ పరవాలి, తెర చుట్టూ మూడు నాలుగు మీటర్ల దూరం దాకా ఆకుల కిందా గడ్డిలోనూ వెతకాలి. పెద్ద మాత్‌లు చాలాసార్లు తెర దాకా రానే రావు. అదే అధ్యయనంలో గన్నేరు హాక్ మాత్ ఈ పద్ధతికి మినహాయింపుగా నిలిచింది.

మాత్‌ల కళ్లకు అతినీలలోహిత కిరణాలు బాగా కనిపిస్తాయి. అందుకని 365 నానోమీటర్ల ఎల్‌ఈడీ కానీ, నల్లటి గాజున్న బ్లాక్‌లైట్ ట్యూబు కానీ తీసుకోండి. చవగ్గా దొరికే 395 నానోమీటర్ల ఎల్‌ఈడీలు కూడా పనిచేస్తాయి, కాస్త తక్కువగా. వీటితోపాటు ఒక చిన్న తెల్ల ఎల్‌ఈడీ పెట్టుకుంటే నడవడానికి వీలుగా ఉంటుంది.

ఇక్కడ ప్రాణం మీదికి వచ్చే పొరపాటు ఒకటుంది. నీళ్లు శుద్ధిచేసే యంత్రాల్లోని యూవీ ట్యూబును ఈ పనికి వాడకండి. అది వెలువరించేది 254 నానోమీటర్ల యూవీ-సి, క్రిములను చంపడానికి చేసింది. కొద్ది నిమిషాలు తగిలినా చాలు, కొన్ని గంటల తర్వాత కళ్లు మండి, ఎర్రబడి, చర్మం కమిలిపోతుంది. కొనేటప్పుడు తరంగదైర్ఘ్యం రాసిలేని ట్యూబు వద్దు. 365 దీపం దగ్గర కూడా గంటల తరబడి ఉంటారు కాబట్టి యూవీ400 అని ఉన్న తెల్ల కళ్లద్దాలు పెట్టుకోండి.

160 వాట్ల పాత మెర్క్యురీ బల్బు ఇంకా దొరికితే అది కూడా వాడొచ్చు, దానికి విడిగా చోక్ అక్కర్లేదు. కానీ వేడెక్కి ఉన్న బల్బు మీద ఒక్క వానచుక్క పడ్డా పగిలిపోతుంది. బయటి గాజు పగిలి లోపలిది వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపేయాలి, ప్రమాదకరమైన కిరణాలు బయటికొస్తాయి. కరెంటు ఒక్క క్షణం పోయొస్తే అది మళ్లీ వెలగడానికి ఐదు నుంచి పది నిమిషాలు పడుతుంది. మా సలహా చిన్న దీపమే. ఎక్కువ వాట్లు పెడితే ఎక్కువ పురుగులు వస్తాయి, నిజమే. కానీ అవి ఒకదాన్నొకటి గుద్దుకుంటూ పొలుసులు రాల్చుకుంటాయి. గుర్తుపట్టడానికి వచ్చినవారికి నిమ్మళంగా కూర్చున్న ఇరవై మాత్‌లు గిరగిరా తిరిగే రెండు వందలకంటే ఎక్కువ పనికొస్తాయి.

కరెంటు లేని చోటుకు లెక్క ఇలా వేసుకోండి. 12 వోల్టుల 7 ఆంపియర్-గంటల లెడ్ యాసిడ్ బ్యాటరీలో 84 వాట్-గంటలుంటాయి, కానీ బ్యాటరీ పాడవకుండా వాడుకోగలిగింది అందులో సగమే. అంటే 20 వాట్ల ట్యూబు రెండు గంటలు వెలుగుతుంది. 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు 10 వాట్ల ఎల్‌ఈడీని దాదాపు ఆరు గంటలు నడుపుతుంది. మోయడానికి కూడా ఇదే తేలిక.

తెర కట్టడం

తెల్లని నూలు పంచె చాలు. రెండు మీటర్ల పొడవు, మీటరున్నర ఎత్తు ఉండాలి. పాలిస్టర్ వద్దు, కాళ్లకు పట్టు దొరక్క పురుగులు జారిపోతాయి. రెండు చెట్ల మధ్య తాడు బిగించి, పంచెను దాని మీద వేసి బట్టల క్లిప్పులు పెట్టండి. కింది అంచు నేలమీద అర మీటరు ముందుకు పరుచుకునేలా వదలండి, దానిమీద చిన్న రాళ్లు పెట్టండి. గుడ్డ ముడతల్లేకుండా బిగువుగా ఉండాలి. వదులుగా ఉంటే గాలికి కొట్టుకుని కూర్చున్నవన్నీ లేచిపోతాయి.

దీపాన్ని తెరకు ముందు ఒక అడుగు దూరంలో, నేలనుంచి మీటరు పైన వేలాడదీయండి. తెరకు మరీ దగ్గరగా పెడితే వెలుతురు ఒకచోటే పడుతుంది. తాడును ఆనుకుని చీమల బారు ఉందేమో ముందే చూసుకోండి. చీమలు తెరమీదికి ఎక్కితే మాత్‌లను బతికుండగానే లాక్కుపోతాయి.

తెరతోపాటు బెల్లం ఎర కూడా పెట్టండి. దీపానికి అంతగా లొంగని జాతులు దీనికి వస్తాయి. పావుకిలో బెల్లం, బాగా మాగిన రెండు అరటిపండ్లు, ఒక గ్లాసు కల్లు కలిపి ఒక రోజు పులియనిచ్చి, దీపానికి ఇరవై ముప్పై మీటర్ల దూరంలో చెట్ల మానులకు రొమ్మెత్తున పూయండి. గంటకోసారి ఎర్రని వెలుతురు టార్చితో చూడాలి, తెల్ల టార్చి వేస్తే ఎగిరిపోతాయి. బత్తాయి రైతులకు బాగా తెలిసిన రసం పీల్చే రెక్కల పురుగు, అంటే యూడోసిమా, ఇలాంటి ఎరమీద దొరుకుతుంది. దాని గొంగళి పురుగులు తిప్పతీగ, దూసరి తీగ తింటాయి, అందుకే అడవి పక్క తోటలకు దాని బెడద ఎక్కువ.

రాత్రి ఎలా సాగుతుంది

సూర్యాస్తమయానికి పావుగంట ముందే అన్నీ సిద్ధంగా ఉండాలి. మసక చీకట్లో మొదట కొన్ని హాక్ మాత్‌లు దూసుకొస్తాయి. ఏడున్నర నుంచి పది దాకా సన్న ఒళ్లున్న జామెట్రిడ్‌లు, పొడుగు కాళ్ల క్రాంబిడ్‌లు, నూగు నూగుగా ఉండే చిన్న ఎరెబిడ్‌లు తెరను నింపుతాయి (మూడూ మాత్ కుటుంబాల పేర్లే). సంఖ్య ఎక్కువగా ఉండేది ఈ సమయంలోనే. పట్టు మాత్‌ల కుటుంబంలోని పెద్దవి చాలావరకు అర్ధరాత్రి దాటాక వస్తాయి. పది గంటలకే తెర విప్పేసి "పెద్దవేమీ రాలేదు" అనుకునేవాళ్లు చాలామంది.

చేతులు జాగ్రత్త. నల్లగా, నారింజరంగు నడుముతో చీమలా ఉండే చిన్న పెడెరస్ పురుగు ఒంటిమీద వాలితే నలపకండి, ఊది పంపించండి. నలిగితే దాని రసం తగిలిన చోట మర్నాటికి బొబ్బలొస్తాయి. నలిగిందనిపిస్తే వెంటనే సబ్బుతో కడగాలి. పసుపుపచ్చగా బొచ్చుగా ఉండే యూప్రోక్టిస్ మాత్‌ల నూగు దురద పుట్టిస్తుంది. నేలమీద వాలిన పురుగుల కోసం కప్పలొస్తాయి, కప్పల కోసం పాములొస్తాయి. బూట్లు లేకుండా, టార్చి వేయకుండా తెర వెనక్కి అడుగు పెట్టొద్దు.

ఫొటోలు: ఒక్కో మాత్‌కు ఐదు

యూవీ వెలుతురులో తీసిన ఫొటోలో గోధుమరంగు ఊదాగా, పచ్చ బూడిదరంగుగా మారుతుంది. ఫొటో తీసేటప్పుడు దీపానికి అడ్డంగా అట్టముక్క పెట్టి, ఫ్లాష్‌తో తీయండి. ఫ్లాష్ ముందు తెల్ల ఫోమ్ కాగితం కడితే పొలుసుల మీద మెరుపు రాదు. మాక్రో లెన్సుంటే ఎఫ్/8 నుంచి ఎఫ్/11, ఐఎస్ఓ 200 నుంచి 400 సరిపోతాయి. ఫోనైతే క్లిప్ లెన్సు పెట్టి, దగ్గరగా కాకుండా కాస్త వెనక్కి జరిగి తీసి తర్వాత కత్తిరించుకోండి.

తీయాల్సినవి ఇవి:

1. సరిగ్గా పైనుంచి, కనిపించే రెక్కలన్నీ ఒకే ఫోకస్‌లో, పక్కన మిల్లీమీటర్ల స్కేలుతో.
2. పక్కనుంచి, రెక్కలను ఎలా మడిచిందో, పొట్టను ఎలా ఎత్తిందో తెలిసేలా.
3. ముఖం, మీసాలు, నోటి ముందుకు పొడుచుకొచ్చిన తడిములు.
4. వెనుక రెక్క.
5. కింది వైపు.

మొదటి మూడింటికి ఇబ్బంది లేదు. నాలుగోది కష్టం, అదే అన్నిటికంటే విలువైనది. సున్నా నంబరు మెత్తని కుంచెతో ముందు రెక్క వెనుక అంచును నెమ్మదిగా ముందుకు జరిపితే చాలా మాత్‌లు కొద్ది సెకన్లు అలాగే ఉంచుతాయి. వేలితో ముట్టుకోవద్దు, పొలుసులు రాలి గుర్తులే పోతాయి. హాక్ మాత్‌లకైతే ఓపిక చాలు: ఎగరబోయే ముందు ఒళ్లు వేడెక్కించుకోవడానికి రెక్కలు వణికిస్తాయి, వెనుక రెక్క రంగు అప్పుడు బయటపడుతుంది. కింది వైపు కోసం మూత ఉన్న పారదర్శక డబ్బాలో రెండు నిమిషాలు ఉంచి, అడుగునుంచి ఫొటో తీసి వదిలేయండి.

వెనుక రెక్క ఎందుకింత ముఖ్యమో యూడోసిమాను చూస్తే తెలుస్తుంది. మూసుకుని కూర్చున్నప్పుడు ముందు రెక్కలు ఎండుటాకులా ఉంటాయి. తెరిస్తే నారింజ పసుపు వెనుక రెక్క. దాని నడుమ గుండ్రని నల్ల మచ్చ ఉంటే మెటర్నా అనే జాతి, వంకర తిరిగిన కామా ఆకారపు నల్ల పట్టీ ఉంటే ఫలోనియా లేదా దాని దగ్గరి జాతి. ముందు రెక్క ఫొటో ఒక్కటే ఉంటే ఇంత తేలికైన విషయం కూడా ఊహాగానమే అవుతుంది.

పేరు వైపు మెట్లు

రంగుతో మొదలుపెట్టకండి. ఒకే జాతిలో ఆడా మగా రంగులు వేరు, వయసు మీదపడి పొలుసులు రాలినవి ఇంకా వేరు. క్రమం ఇలా ఉండాలి.

మొదట మీసాలు. చివర గుండులా లావైతే అది దాదాపుగా సీతాకోకచిలుక. దువ్వెన పళ్లలా రెండువైపులా చీలితే పట్టు మాత్‌లలోనో, లైమాంట్రియా లాంటి బొచ్చు మాత్‌లలోనో మగది అయ్యే అవకాశం ఎక్కువ. చివర కొక్కెంలా వంగి, మీసం మొత్తం లావుగా ఉంటే హాక్ మాత్.

తర్వాత కూర్చున్న తీరు. రెక్కలు బల్లపరుపుగా పరిచి, ముందు రెక్కమీది గీత వెనుక రెక్కమీదికి తెగకుండా సాగితే జామెట్రిడే అయ్యుండొచ్చు. తెల్లగా, సన్న బూడిద గీతలతో, వెనుక రెక్కకు చిన్న తోక, తోక దగ్గర నల్ల చుక్క ఉంటే మాత్రం ఆగండి, అది యురానిడ్ కుటుంబంలోని మైక్రోనియా కావచ్చు. రెక్కలు ఇంటి కప్పులా వాలి, రొమ్ము మీద బొచ్చు కుచ్చు ఉంటే నాక్టుయిడ్ కుటుంబం వైపు చూడండి. బాణంలా సన్నగా, పొడవైన ముందు రెక్కలతో ఉంటే హాక్ మాత్. ముందుకాళ్లు చాచుకుని బొచ్చుగా ఉంటే లైమాంట్రియా బంధువు.

మూడోది ముందు రెక్కమీది గుర్తులు. రెక్క మొదటినుంచి కొసదాకా వరసగా చూడాలి: లోపలి అడ్డగీత, ఒక గుండ్రని మచ్చ, తర్వాత మూత్రపిండం ఆకారపు మచ్చ, బయటి అడ్డగీత, అంచు దగ్గరి గీత, చివర కుచ్చు. ఏ గీత ఎక్కడ వంగింది, మచ్చ చుట్టూ అంచు ఏ రంగు, అని రాసుకుంటే పోల్చడం తేలికవుతుంది. కొలతగా రెక్కల వెడల్పు కాకుండా ముందు రెక్క మొదలు నుంచి కొస దాకా మిల్లీమీటర్లలో రాయండి. రెక్కలు ఎంత చాచినా ఆ కొలత మారదు.

ఆ తర్వాతే ఫొటోల పోలిక. మాత్స్ ఆఫ్ ఇండియా వెబ్‌సైటు, ఐనాచురలిస్ట్ ఇందుకు బాగా పనికొస్తాయి. యాప్ చూపించే పేరును సూచనగా తీసుకోండి, ఆ జాతి ఎక్కడెక్కడ నమోదైందో పటం చూడండి. హిమాలయాల్లోనే ఉండే జాతిని నల్లమలకు అంటగట్టడం యాప్‌లు తరచూ చేసే పొరపాటు. చిన్న లైకెన్ మాత్‌లలో, పగ్ మాత్‌లలో చాలావాటిని సూక్ష్మదర్శిని కింద జననాంగాలు చూస్తే తప్ప విడదీయలేరు. అక్కడ ప్రజాతి పేరు రాసి ఆపడమే సరైన నమోదు. తప్పు జాతి పేరు ఒకసారి పటంమీదికెక్కితే దాన్ని చూసి ఇంకో పది తప్పులు పుడతాయి.

దగ్గరగా ఒకటి: దసలి పట్టు మాత్

గోదావరి అడవుల్లో, మద్ది చెట్లున్న ప్రతిచోటా వానాకాలం రాత్రుల్లో ఎదురుచూడదగ్గది ఇది. శాస్త్రీయ నామం ఆంథీరియా మైలిట్టా, కొన్నిచోట్ల పాఫియా అని కూడా రాస్తారు. గొంగళి పురుగులు నల్లమద్ది, తెల్లమద్ది, రేగు ఆకులు తింటాయి. మహాదేవపూర్, చెన్నూరు ప్రాంతాల్లో దసలి కాయల పెంపకం దీనితోనే సాగుతుంది.

రెక్కలు చాచితే పదిహేను సెంటీమీటర్లకు అటూఇటూ. నాలుగు రెక్కలమీదా ఒక్కో గుండ్రని మచ్చ. టార్చి వెనుకనుంచి వేసి చూడండి: మచ్చ మధ్యలో పొలుసులు లేక వెలుతురు అవతలికి కనిపిస్తుంది, చుట్టూ సన్నని రంగు వలయాలు. ముందు రెక్క ముందు అంచున బూడిదరంగు పట్టీ ఉండి, అదే రంగు మెడమీదుగా అవతలి ముందు రెక్కకు కలుస్తుంది. మగది సాధారణంగా ఇటుకరంగు, ముందు రెక్క కొస కొడవలిలా వంపు, మీసాలు వెడల్పాటి ఈకల్లా. ఆడది పెద్దది, పసుపు లేదా బూడిదరంగు, లావు పొట్ట, సన్న మీసాలు. రంగులో తేడాలు బాగా ఉంటాయి కాబట్టి ఆడా మగా తేల్చడానికి మీసాలను నమ్మండి.

దీనితో పొరబడేవి నాలుగు. అద్దపు మచ్చ గుండ్రంగా కాక త్రికోణంగా ఉండి, రెక్క కొస పాము తలలా ఉంటే అట్లాస్ మాత్. లేత ఆకుపచ్చ రంగు, పొడవైన తోకలు ఉంటే మూన్ మాత్. బాగా చిన్నదై, ముందు రెక్కమీద మూడు చిన్న అద్దపు మచ్చలుంటే మామిడి, జీడిమామిడి ఆకులు తినే క్రిక్యులా ఆడది. ముదురు గోధుమరంగు పెద్ద మాత్, ముందు రెక్కలమీద మాత్రమే పెద్ద కన్ను, టార్చి వేసినా వెలుతురు దాటకపోతే గుడ్లగూబ మాత్, అంటే ఎరెబస్. ఈశాన్యంలోని ముగా పట్టు మాత్ కూడా ఆంథీరియానే, కానీ మన అడవుల్లో దాన్ని తలచుకోనక్కర్లేదు.

దసలి మాత్‌కు పనిచేసే నోరు లేదు. గొంగళిగా తిన్నదానితోనే వారం పదిరోజులు బతుకుతుంది. దీపం చుట్టూ పోగొట్టుకున్న ప్రతి గంటా దాని జత కట్టే కాలంలోంచి పోతుంది. అందుకని ఫొటోలు అయ్యాక దాన్ని చీకటివైపు కొమ్మమీద పెట్టేయండి. దసలి కాయలు పెంచే మద్ది తోటల పక్కన దీపం అసలు పెట్టొద్దు. ఆడది తెరమీదే గుడ్లు పెడుతుంది ఒక్కోసారి: దాదాపు మూడు మిల్లీమీటర్లుండే చదునైన గోధుమరంగు గుడ్లు, జిగురుతో అంటుకుని ఉంటాయి. గోకితే పగులుతాయి. ఆ గుడ్డముక్కను కత్తిరించి మద్ది చెట్టు లేత కొమ్మకు, ఆకుల నీడలో కట్టండి. తొమ్మిది పది రోజుల్లో పిల్లలు వచ్చి ఆకు అందుకుంటాయి.

నమోదు, తెల్లవారుజాము

రాత్రి రెండు తేదీలమీద పడుతుంది కాబట్టి "జులై 14-15 రాత్రి" అని రాయండి. దీపం వేసిన సమయం, ఆపిన సమయం, జీపీఎస్ అంకెలు, సముద్రమట్టం నుంచి ఎత్తు, దీపం రకం, వాట్లు, ఉష్ణోగ్రత, మబ్బు, చంద్రుడు, చుట్టూ ఉన్న ముఖ్యమైన చెట్లు రాయాలి. ఏమీ రాని రాత్రిని కూడా రాయండి. జులై చివర్లో 2012 నుంచి ఏటా జరుగుతున్న నేషనల్ మాత్ వీక్ సమయానికి మన దగ్గర వానలు కుదురుకుంటాయి, మొదటి నమోదులకు అది మంచి సందర్భం.

తెల్లవారడానికి గంట ముందే దీపం ఆపేయాలి. వెలుతురు వచ్చేదాకా తెర అలాగే ఉంచితే ఏట్రింతలు, తొండలు వరసగా ఏరుకు తింటాయి. దీపం ఆపాక తెరను నెమ్మదిగా దులిపి, ఇంకా పట్టుకున్నవాటిని కుంచెతో ఎక్కించుకుని పొదల లోపలికి వదలండి. నేలమీది గుడ్డ మడిచే ముందు మడతలన్నీ విప్పి చూడాలి, సన్న మాత్‌లు అక్కడే దాక్కుంటాయి. అదే చోట వరసగా రాత్రులు దీపం పెట్టకుండా కనీసం వారం ఎడమివ్వండి.